వడదెబ్బ అని ఎక్కడా రాయరు

మే నెలలో మన ఊళ్ల జిల్లా ఎడిషన్ ఏది తిరగేసినా లోపలి పేజీలో ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ‘వడదెబ్బతో ఉపాధి కూలీ మృతి’. పేరు, వయసు, ఊరు, మండలం, పిల్లలు ఎంతమంది, ఏ పనికి వెళ్లి ఎన్నింటికి ఇంటికొచ్చి పడుకున్నాడు. నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. రాసిన మండల విలేకరికి తాను వాతావరణ మార్పు మీద రాస్తున్నానన్న ఆలోచన వచ్చి ఉండదు. కానీ ఎండకూ ప్రాణానికీ ఉన్న లంకెను మన జిల్లా పేజీలు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి. ఎందుకంటే మన భాషలో ఆ చావుకు ఒక పేరుంది.

అదే మనిషి గల్ఫ్‌లో పోతే అదే పేజీలో వార్త మరోలా వస్తుంది. ‘గుండెపోటుతో గల్ఫ్‌లో వలస కార్మికుడి మృతి’. ఆ రోజు ఎంత ఎండ కాసింది, అందులో ఎన్ని గంటలు ఉన్నాడు, ముందు రాత్రి నిద్రపోయాడా లేదా అన్నది ఉండదు. మృతదేహం ఎప్పుడొస్తుందన్నదే వార్త అవుతుంది.

2025 సెప్టెంబరు 15తో ఆ ఏడాది మధ్యాహ్న విరామం ముగిసింది. ఈ మూడు నెలలూ సెలవు రోజుల్లో అల్ ఐన్ సనయ్యలోని క్యాంపులకు, ఊరి చుట్టూ ఉన్న తోటలకు వెళ్లి మనవాళ్లతో మాట్లాడాను. వాళ్లు చెప్పినవాటిలో కొన్నయినా ఈ పేజీలో ఉండాలనిపించింది. ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు కాబట్టి పేర్లు రాయడం లేదు.

నీడలో 51.8

అల్ ఐన్ సముద్రానికి దూరంగా, ఒమన్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. గార్డెన్ సిటీ అంటారు. ఇక్కడి ఒయాసిస్సులు, వాటికి నీళ్లు తెచ్చే పాత ఫలజ్ కాలువలు, జెబెల్ హఫీత్ కొండ దగ్గరి పురాతన సమాధులు 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఊరి నుంచి బంధువులు వస్తే ముందు ఒయాసిస్‌కే తీసుకెళ్తాం. ఖర్జూర చెట్ల కిందికి అడుగుపెట్టగానే ఒళ్లు చల్లబడుతుంది. కోనసీమ వాళ్లయితే ‘మన తోటల్లాగే ఉందే’ అంటారు.

ఎండ రికార్డులూ ఈ వైపు నుంచే వస్తున్నాయి. 2025 మే 24న మధ్యాహ్నం 1.45కు అల్ ఐన్ ప్రాంతంలోని స్వైహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది. ఆగస్టు 1న అక్కడే 51.8. (32 లక్షల ప్యానళ్లతో 2019 నుంచి నడుస్తున్న నూర్ అబుదాబి సౌర విద్యుత్ కేంద్రం ఉన్నదీ ఆ స్వైహాన్‌లోనే. ఎండను అమ్ముకునే చోటూ, ఎండకు మాడే చోటూ ఒకటే.) రెండు అంకెలూ మన వాట్సాప్ గ్రూపుల్లో బాగానే తిరిగాయి. కారు డ్యాష్‌బోర్డు ఫొటోలు పెట్టి నవ్వుకున్నాం.

ఆ 51.8 నీడలో కొలిచింది. వాతావరణ కేంద్రంలో థర్మామీటరును నేల మీద ఒకటి, రెండు మీటర్ల ఎత్తున, గాలి ఆడే తెల్లటి పెట్టెలో పెడతారు. ఎండ నేరుగా తగలకుండా చూస్తారు. ఇనుప కడ్డీలు కట్టే మనిషికి ఆ పెట్టె లేదు. పైన సూర్యుడు, కింద కాంక్రీటు, చేతిలో కాలిన ఇనుము. అతని ఒంటికి తగిలే వేడి ఆ అంకెలో ఉండదు.

ఇక మధ్యాహ్న విరామం సంగతి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12.30 నుంచి 3 గంటల దాకా బయట ఎండలో పని చేయించకూడదు. తప్పితే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల చొప్పున, గరిష్ఠంగా 50,000 వరకు జరిమానా. యూఏఈలో 2025 దీనికి వరుసగా 21వ ఏడాది. నేను చూసిన సైట్లలో 12.30కి పని ఆగింది, నీడ ఉంది, చల్లటి నీళ్ల డబ్బాలు ఉన్నాయి. డెలివరీ బైకుల వాళ్ల కోసం దేశమంతటా 10 వేలకు పైగా ఏసీ విశ్రాంతి కేంద్రాలు పెట్టారు. మన దగ్గర ఉపాధి హామీ కూలీకి ఒక టెంటు వేయడానికి ఎన్ని సర్క్యులర్లు కావాలో తెలిసినవాడిగా ఈ ఏర్పాట్లను తక్కువ చేసి మాట్లాడలేను.

కానీ మే 24 తారీఖు జూన్ 15కు మూడు వారాల ముందుంది. 51.6 డిగ్రీలు కాసిన ఆ 1.45 సమయానికి విరామం అమల్లో లేదు. ఎండ క్యాలెండరు చూసుకుని రావడం మానేసింది, నిబంధన మాత్రం ఇంకా క్యాలెండరు ప్రకారమే నడుస్తోంది. ఖతార్ 2021లో తన నిబంధన మార్చింది. జూన్ 1 నుంచే మొదలుపెట్టి ఉదయం 10 నుంచి 3.30 దాకా పని ఆపుతుంది. దానికి తోడు వేడి, తేమ, ఎండ, గాలి నాలుగూ కలిపి లెక్కేసే ఒక కొలత 32.1 దాటితే ఏ తారీఖైనా, ఏ గంటైనా పని ఆపాల్సిందే. నాకు రెండోదే ముఖ్యంగా అనిపిస్తుంది.

చెమట కనబడదు

దుబాయ్, అబుదాబిల్లో పనిచేసి ఇక్కడికి మారినవాళ్లు మొదట సంతోషపడతారు. అక్కడ తీరం తేమకు చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఇక్కడ గాలి పొడి. ‘ఇక్కడ చెమటనే రాదన్నా, మంచిగనే ఉంటది’ అన్నాడు జగిత్యాల నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటర్. సాయంత్రం అతని నీలం అంగీ చూశాను. వీపు మీద, చంకల కింద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు. చెమట పట్టింది. పట్టింది పట్టినట్టే ఆవిరైంది, ఉప్పు మాత్రం మిగిలింది.

అల్ ఐన్ ఎండలోని మోసం ఇదే. చెమట ఆరుతున్నంతసేపూ ఒళ్లు చల్లబడుతుంది, నిజమే. కానీ ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. నీళ్లు సరిపోతున్నాయా లేదా అన్నది మూత్రం రంగును బట్టి తెలుస్తుంది. లేత పసుపు రంగులో ఉంటే సరే, టీ రంగుకు వస్తే ప్రమాదం. కొన్ని సైట్లలో మరుగుదొడ్ల గోడకు ఆ రంగుల పటం అంటించి ఉంది, కింద హిందీ, ఉర్దూ, ఇంగ్లిషు, మలయాళం. తెలుగు లేదు. పెద్ద పని కాదు, ఎవరైనా రాసిస్తే అంటిస్తారు.

యూఏఈ నిర్మాణ కార్మికుల మీద 2006 మేలో ఒక అధ్యయనం జరిగింది. గ్రాహం బేట్స్, జాన్ ష్నైడర్ అనే పరిశోధకులు కార్మికులను వరుసగా మూడు షిఫ్టులు గమనించి, గుండె వేగం, ఒంటి వేడి, తాగిన నీళ్లు అన్నీ కొలిచి 2008లో ప్రచురించారు. వాళ్లు తేల్చింది ఏమిటంటే, తగినంత ద్రవాలు అందుతూ, తన పని వేగాన్ని తానే సర్దుకునే వీలుంటే మనిషి ఈ వేడిలో కూడా ఆరోగ్యం చెడకుండా పనిచేయగలడు. నీళ్ల సంగతి పెద్ద సైట్లలో చాలావరకు కుదిరింది. రెండోదే కుదరలేదు. స్లాబ్ ఎప్పుడు పోయాలో ముందే రాసి ఉంటుంది. ఫోర్‌మన్ మీద ఇంజనీరు, ఇంజనీరు మీద క్లయింటు. ‘కొంచెం ఆగుతా’ అనే మాట మేస్త్రీ నోట వస్తుందేమో కానీ హెల్పర్ నోట రాదు.

తెల్లవారుజామున మూడు గంటలకు

అతనే, ఆ కార్పెంటర్, తన రోజు లెక్క చెప్పాడు. మధ్యాహ్నం ఆగుతారు కాబట్టి పని తెల్లవారకముందే మొదలవ్వాలి. బస్సు నాలుగు గంటలకు. మూడింటికి లేవాలి, బాత్‌రూమ్ దగ్గర వరస. మధ్యాహ్నం రెండున్నర గంటలు సైట్‌లోనే నీడన అట్టముక్క పరచుకుని పడుకోవాలి, కానీ నిద్ర పట్టదు. మూడు గంటలకు మళ్లీ పని. (రోజులో వేడి పతాకస్థాయి సాధారణంగా రెండు నుంచి నాలుగు మధ్యనే ఉంటుందని గుర్తుంచుకోవాలి.) క్యాంపుకు చేరేసరికి రాత్రి ఏడు. వంట, బట్టలు, ఇంటికి వీడియో కాల్. పడుకునేది పదకొండుకు.

‘ఎండ కాదన్నా, నిద్ర సంపుతున్నది’ అన్నాడు.

ఈ మాట నన్ను వదల్లేదు. పగలు ఎండ తగిలిన ఒళ్లు రాత్రి చల్లటి చోట నిద్రపోతేనే కోలుకుంటుంది. ఈ ఎండాకాలం అతని గదిలో ఏసీ తొమ్మిది రోజులు పనిచేయలేదట. ఆరుగురు మనుషులు, ఆరు మంచాలు. కొందరు తడిపిన లుంగీ కప్పుకుని మిద్దె మీద పడుకున్నారు. ఆ తొమ్మిది రోజుల్లో వాళ్లలో ఎవరికైనా గుండె ఆగి ఉంటే సర్టిఫికెట్‌లో గుండె ఆగిందనే రాస్తారు. అది అబద్ధం కాదు. ప్రతి చావులోనూ చివరికి గుండె ఆగుతుంది.

ఖతార్‌లో 2009 నుంచి 2017 వరకు చనిపోయిన 1,300 మందికి పైగా నేపాలీ కార్మికుల వివరాలను, నెలవారీ వేడినీ పక్కపక్కన పెట్టి చూసిన ఒక అధ్యయనం 2019లో ‘కార్డియాలజీ’ పత్రికలో వచ్చింది. గుండె జబ్బు కింద నమోదైన 571 మరణాల్లో 200 దాకా సరైన వేడి రక్షణ ఉంటే ఆపగలిగేవని ఆ పరిశోధకులు లెక్కకట్టారు. గల్ఫ్ దేశాలన్నిటి మీదా ‘వైటల్ సైన్స్’ అనే హక్కుల సంస్థల బృందం 2022లో ఇచ్చిన నివేదిక, వలస కార్మికుల మరణాల్లో సగానికి పైగా ‘సహజ కారణాలు’, ‘గుండె ఆగడం’ వంటి మాటల కిందే ముగిసిపోతున్నాయని చెప్పింది. మనవాళ్ల మీద అలాంటి లెక్క నా కళ్లకు కనబడలేదు. నేపాలీలు తమ చావులను లెక్కించుకున్నారు కాబట్టి ప్రపంచం వాళ్ల గురించి రాసింది.

ఉద్దానం వెల్డర్

సనయ్యలో ఒక వర్క్‌షాపులో శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం నుంచి వచ్చిన వెల్డర్ ఉన్నాడు. వయసు 38. కవిటి అనగానే మీలో చాలామందికి అర్థమయ్యే ఉంటుంది. ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల నడుమ ఊరూరా కిడ్నీ జబ్బు. అతని తండ్రి, చిన్నాన్న దాంతోనే పోయారు.

ఉద్దానం జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నీళ్లు, పురుగుమందులు, వంశపారంపర్యం అని రకరకాల అనుమానాలు. వాటిలో ఎండలో శ్రమ, పదేపదే ఒళ్లు నీరు కోల్పోవడం కూడా ఒకటి. మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకు షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు పాడవడం చూశాక ఈ అనుమానం బలపడింది. పని చోట వేడి వల్ల వచ్చిన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో ప్రపంచంలో 2.62 కోట్ల మంది బతుకుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 ఏప్రిల్‌లో అంచనా వేసింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లూ వచ్చాయి. అంటే ఊళ్లో ఉన్నవాళ్ల మీద కొంత చూపు పడింది. ఊరు వదిలి అంతకంటే పెద్ద ఎండలోకి వచ్చినవాళ్ల సంగతి?

‘టెస్టు చేయించుకున్నావా’ అని అడిగాను.

‘తెలిసినాక ఏటి సేత్తాం సార్. బాగోలేదని తేలితే పంపించేత్తారు. అప్పు ఇంకా అలాగే ఉంది’ అన్నాడు. నడుం నొప్పి అని వారానికి మూడు నాలుగు సార్లు నొప్పి మాత్రలు వేసుకుంటాడు. ఫార్మసీలో అడిగితే ఇస్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు ఒంట్లో నీరు తగ్గిన సమయంలో కిడ్నీకి అందే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి, నీళ్లు తక్కువ తాగి, రాత్రి నొప్పికి ఈ మాత్ర వేసుకోవడం నేను ప్రతి క్యాంపులోనూ చూశాను. కూల్‌డ్రింకు, ఎనర్జీ డ్రింకు నీళ్లకు బదులు కావు. లబన్ నయం, ఓఆర్ఎస్ ఇంకా నయం.

వీసా రెన్యువల్ మెడికల్‌లో పాసయ్యాం కాబట్టి అంతా బాగుందని మనవాళ్ల నమ్మకం. ఆ పరీక్ష టీబీ, హెచ్ఐవీ వంటి అంటువ్యాధుల కోసం. కిడ్నీ ఎలా ఉందో అందులో తెలియదు. అది తెలియాలంటే రక్తంలో క్రియాటినిన్ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. రెండూ చిన్న పరీక్షలే. ఉద్యోగం పోతుందన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయలేను. అతని అప్పు నాది కాదు. కానీ కిడ్నీ జబ్బు మొదట్లో తెలిస్తే మందులతో, నీళ్లతో, పని మార్చుకుని ఏళ్లు నెట్టవచ్చు. ఆఖర్లో తెలిస్తే డయాలసిస్. అప్పు తీరకముందే ఇంటికి పంపేది అదే. ఈ మాట అతనితో కూడా అన్నాను. తలూపాడు, అంతే.

తోటలో, వంటింట్లో

సైట్ల గురించి రాసినంత సులువు కాదు మిగతావి. అల్ ఐన్ చుట్టూ వందలాది మజ్రాలు, ఒంటెల ఇజ్బాలు. అక్కడ ఒక్కో చోట ఒకరో ఇద్దరో మనవాళ్లు. కామారెడ్డి, సిరిసిల్ల వైపు వాళ్లు ఎక్కువ. ప్రైవేటు తోటమాలి, గొర్రెల కాపరి ఇక్కడి చట్టంలో ఇంటి పనివారి కోవలోకి వస్తారు. 2022 నాటి ఆ చట్టం రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో వరుసగా 8 గంటలు, వారానికి ఒక సెలవు ఇవ్వాలంటుంది. మంచి చట్టమే. కానీ 40 కిలోమీటర్ల అవతల ఇసుకలో ఉన్న ఇజ్బాకు ఎవరు వెళ్లి చూస్తారు? నేను కలిసిన కాపరికి యజమాని మంచివాడు. వాటర్ ట్యాంకరు ఒకరోజు ఆలస్యమైతే మాత్రం ముందు ఒంటెలకు పోసి తర్వాత తాను తాగుతాడు. ‘అవి ఖరీదైనయి గద సార్’ అని నవ్వాడు.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల ఎండ వేరు. తూర్పు గోదావరి నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా ఖద్దామాగా ఉన్న ఒక అక్క చెప్పింది. ఇల్లంతా ఏసీయే, పెద్ద వంట మాత్రం పెరట్లో రేకుల వంటగదిలో. రంజాన్‌లో, పెళ్లిళ్లలో అక్కడే గంటలు గంటలు. అలాంటి రోజుల్లో మాటిమాటికీ బాత్‌రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించేస్తారట. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు. ‘ఈ మాట మగవాళ్లకి ఎలా చెప్పేది బాబూ’ అంది. చెప్పకపోతే అది ఏ లెక్కలోకీ రాదు.

వాన కూడా

ఎండ ఒక్కటే కాదు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్‌లోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు తిరగకుండా 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఈ దేశంలో 1949లో లెక్కలు మొదలయ్యాక అంత వాన లేదు. ఎల్‌నినో ఏడాదుల్లో ఇలాంటి వానలు భూమి వేడెక్కక ముందుకంటే 10 నుంచి 40 శాతం ఎక్కువ కురుస్తున్నాయని ‘వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్’ శాస్త్రవేత్తలు తర్వాత లెక్కవేశారు. మునిగిన కార్ల ఫొటోలు అందరూ చూశారు. పల్లపు క్యాంపుల్లో మోకాలి లోతు నీళ్లలో తడిసిన బియ్యం బస్తాలు, పాస్‌పోర్టు కాపీలు ఎవరూ ఫొటో తీయలేదు. ఆ తర్వాత నిలిచిన నీళ్లు, దోమలు, డెంగీ మీద ఆరోగ్య శాఖ ప్రచారం. దోమలతో పెరిగినవాళ్లం కాబట్టి జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని డ్యూటీకి వెళ్లాం.

ఒక ప్రశ్న అడగండి

2023 డిసెంబరు 3న దుబాయ్ కాప్28లో వాతావరణ సదస్సుల చరిత్రలోనే మొదటిసారి ‘ఆరోగ్య దినం’ జరిపారు. వాతావరణం, ఆరోగ్యం మీద ప్రకటన కూడా వచ్చింది. ఇక్కడికి గంటన్నర దూరం. ఆ సదస్సు గురించి మన పేజీల్లో వచ్చింది, నేనూ చదివాను. సనయ్య క్యాంపులో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. వాళ్ల దగ్గర ఉన్న విషయమే ఆ సదస్సుకు తెలియాలి.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ఇస్తామంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చే పథకం 2024లోనే వచ్చింది. డబ్బు పరంగా రెండూ అవసరమైనవే. తేడా ఒకచోట ఉంది. మొదటి దానికి కారణం అడుగుతారు, ఎండ అని రాస్తారు. రెండో దానికి కారణంతో పని లేదు. ఆ దరఖాస్తు ఫారంలో ఇంకొక్క గడి పెట్టవచ్చు: చేసిన పని ఏమిటి, చివరి రోజు ఎండలో ఎన్ని గంటలు. కుటుంబం చెప్పలేకపోతే రూమ్మేట్లు చెబుతారు. అయిదేళ్లు అలా రాస్తే మనకూ ఒక లెక్క మిగులుతుంది.

ఊళ్లో విలేకరి మిత్రులకు నా మనవి కూడా అంతే. గల్ఫ్ నుంచి మృతదేహం వచ్చినప్పుడు ‘గుండెపోటు’ రాయండి, కాగితంలో ఉన్నది అదే. దాని పక్కన అతని పనేమిటో, ఏ నెలలో, ఏ ఊళ్లో పోయాడో ఒక వాక్యం చేర్చండి.

ఇక్కడున్నవాళ్లకు. పక్కవాడు ఎండలో తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది అలసట కాదు. 998కి అంబులెన్స్ కోసం ఫోన్ చేయండి. అది వచ్చేలోపు నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. విరామ సమయంలో పని చేయిస్తుంటే కార్మిక శాఖ నంబరు 600590000.

చలికాలంలో మన సంఘాలు పెట్టే మెడికల్ క్యాంపుల్లో బీపీ, షుగర్ చూస్తారు. ఈసారి క్రియాటినిన్ కూడా చేర్చమని మేం కొందరం అడుగుతున్నాం. ఫలితం కంపెనీకి వెళ్లదు, కాగితం ఎవరిది వాళ్ల చేతికే. క్యాంపుల్లో పేర్లు రాసుకుంటున్నాం. జగిత్యాల కార్పెంటర్ తన గదిలో ఆరుగురి పేర్లూ రాయించాడు. కవిటి వెల్డర్ ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.